రాయల్పాడులో పన్నెండు రోజులు

బెంగళూరు నుంచి రాయల్పాడుకు పోవాలంటే హొసకోట, చింతామణి మీదుగా మదనపల్లె దోవ పట్టాలి. చింతామణి దాటేసరికి బస్సులో మాట మారిపోతుంది. అప్పటిదాకా కన్నడంలో చిల్లర అడిగిన కండక్టరే "యాడ దిగల్లమ్మా?" అంటాడు. కిటికీ బయట బోర్డులన్నీ కన్నడం, కిటికీ లోపల మాటలన్నీ తెలుగు.

రాయల్పాడు కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో ఒక హోబళి ఊరు. హోబళి అంటే చుట్టుపట్ల పల్లెలన్నిటికీ రెవెన్యూ లెక్కలో పెద్దూరు అన్నమాట. ఇంకొంచెం ముందుకు పోతే ఆంధ్ర. శ్రీనివాసపురం వైపు మామిడికి పేరు. ఎక్కడ చూసినా తోపులే. తోపు లేని చోట టమోటా, మల్బరీ. జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. చెరువు నిండితే పండగ, లేకపోతే బోరు. టమోటా పండించినవాడు ఒక ఫోను కోలారుకు, ఒక ఫోను మదనపల్లెకు చేసి, రేటు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి బండి తోలిస్తాడు. పంటకు రాష్ట్రం అడ్డం రాదు, భాషా అడ్డం రాదు. పిల్లలకే వస్తుంది. ఈ రాత దాని గురించే.

మా అమ్మ పుట్టిల్లు ఈ పక్కనే. తాతల కాలంలో ఇక్కడి మనుషులు వాన లేనప్పుడు రెండు దోవలు పట్టేవాళ్ళు. కొందరు జిల్లా ఆ కొసనున్న కేజీఎఫ్ బంగారు గనులకు, కొందరు బెంగళూరు మిల్లులకు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. మా నాయన మిల్లు దోవ పట్టినాడు, స్పిన్నింగులో చేరినాడు. అందుకే నేను మిల్లు లైన్లో పుట్టి పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. చదువు పెద్దగా అబ్బకపోయినా ఈ మూడు మాటలూ, ఏదో కొంచెం ఇంగ్లీషూ అబ్బినాయి. ఇన్నేళ్ళకు అవే పనికొచ్చినాయి.

పోయిన సంక్రాంతికి ముందు, విదేశీ పిల్లల్ని బడులకు తీసుకుపోయే ఒక సంస్థవాళ్ళు దుబాసీ కావాలని నన్ను పిలిచినారు. రాయల్పాడుకు దగ్గరలో ఒక చిన్న పల్లె బడిలో పన్నెండు రోజుల పని. వచ్చినవాళ్ళు నలుగురు. ఇద్దరు జర్మనీ, ఒకరు ఇంగ్లాండు, ఒకరు హాలెండు. అందరూ ఇరవై దాటీ దాటని వయసు. వాళ్ళ దేశాల్లో ఇది మామూలేనట. చదువు మధ్యలో సెలవు దొరికితే పరదేశం పోయి ఏదో ఒక బడిలో కొన్నాళ్ళు సాయం చేసి వస్తారు. జీతం ఉండదు. విమానం ఖర్చు వాళ్ళదే, పంపించే సంస్థకు ఫీజు కూడా వాళ్ళే కట్టాలి. మన లైన్లో ఎవరైనా ఎదురు డబ్బు కట్టి పనికి పోతామంటే వాళ్ళమ్మ దిష్టి తీయిస్తుంది. అయినా మంచి పిల్లలే, వంక పెట్టడానికి లేదు. పొద్దున చన్నీళ్ళతో స్నానం చేసేవాళ్ళు, రాగి ముద్ద పెడితే నమలకుండా మింగడం రెండో రోజుకే నేర్చుకున్నారు.

బడి రెండు గదులు. ఒకటి నుంచి అయిదు దాకా ఉంది, పిల్లలు ఇరవై ముగ్గురు, మేష్ట్రు ఇద్దరు. పెద్ద మేష్ట్రుది హాసన్ వైపు. వచ్చిన కొత్తలో ఆయనకు ఒక్క ముక్క తెలుగు రాదు. ఇప్పుడు మాట్లాడతారు గానీ, "నువ్వు వస్తాడు, నేను పోతాది" అన్నట్టుంటుంది. పిల్లలు నవ్వితే ఆయనా నవ్వుతారు.

మొదటి మూడు రోజులు గోడకు రంగులు వేయడమే సరిపోయింది. సంస్థవాళ్ళు డబ్బాలు, కుంచెలు ముందే తెచ్చినారు. గోడ మీద అప్పటికే ఒక భూగోళం, దాని చుట్టూ చేతులు పట్టుకున్న పిల్లలు ఉన్నారు. అది అంతకు ముందు ఏడు వచ్చిన జట్టు వేసిన బొమ్మ. దాని మీద సున్నం కొట్టి వీళ్ళు ఒక జిరాఫీని వేసినారు. వాకిట్లో కూర్చుని చూస్తున్న ఒక అవ్వ అనింది: "పోయినేడు వచ్చినోళ్ళూ సున్నమే కొట్టిపోయిరి. గోడ లావైపోతా ఉండాది గానీ, దొడ్డిలో కొళాయి అట్లనే కారతా ఉండాది."

నేను దీన్ని ఇంగ్లీషులో చెప్పినాను. మెత్తగా మార్చి చెప్పలేదు, ఉన్నదున్నట్టే చెప్పినాను. హాలెండు అబ్బాయి కుంచె పక్కన పెట్టి దొడ్డి పక్కకు పోయి చూసొచ్చినాడు. వాళ్ళ మామ ప్లంబరట. రాయల్పాడు అంగడికి పోయి వాషరు, టేపు కొనుక్కొచ్చి, ఇరవై నిమిషాల్లో కొళాయి బాగు చేసేసినాడు. ఆ పన్నెండు రోజుల్లో ఆ అబ్బాయి చేసిన పనుల్లో ఊరివాళ్ళు ఈ రోజుకూ చెప్పుకునేది అదొక్కటే.

నాలుగో రోజు నుంచి ఇంగ్లీషు పాఠాలు. తల, భుజాలు, మోకాళ్ళు తాకుతూ పాడే ఒక పాట ఉంది, మన కాన్వెంటు పిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లాండు అమ్మాయి దాన్ని ఒక్కో మాటా విడదీసి నేర్పించింది. పిల్లలు తడుముకుంటూ, తప్పులు పోతూ, అరగంటలో పట్టేసినారు. ఆ అమ్మాయి సంతోషం చూడాలి! సాయంత్రం నాలుగో తరగతి పాప ఒకతె నా కొంగు పట్టుకుని గుసగుసగా చెప్పింది. "అత్తా, ఆ పాట మాకు ఎప్పుడో వచ్చు. వచ్చినోళ్ళంతా అదే నేర్పిస్తారు. వస్తాదని చెప్తే పాపం వాళ్ళకు బేజారవుతాదని, రానట్టే ఉండల్లని మేమంతా అనుకుంటిమి."

తొమ్మిదేళ్ళ పిల్ల. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో నాకు ఆ రాత్రి నిద్ర పట్టేదాకా తేలలేదు.

ఇక భాష సంగతి. ఈ పల్లెల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు సీరియల్ చూస్తారు, తెలుగులో తిట్టుకుంటారు. ఆరో ఏట బడికి వస్తే పాఠం కన్నడం. సోలాపూరు, భివండీ, సూరతులో ఉండే మన పాఠకులకు ఇది నేను విడమర్చి చెప్పక్కర్లేదు. అక్కడ మరాఠీ, గుజరాతీ, ఇక్కడ కన్నడం. వాళ్ళు వలస పోయి ఇంకో భాషలో పడినారు. రాయల్పాడువాళ్ళు ఉన్న చోటనే ఉన్నారు, గీతే వాళ్ళ అవతల పడింది. పిల్లల పాట్లు మాత్రం ఒకటే. మొదటి ఏడాది మాట అర్థం కాదు. అర్థం కానివాడు మూలన కూర్చుంటాడు. మూలన కూర్చున్నవాణ్ణి మొద్దు అంటారు.

ఆ బడిలో అట్లా ఒకడు ఉన్నాడు, రెండో తరగతి. వాళ్ళమ్మా నాయనా తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని. అక్కడ తమిళ బడిలో ఒకటో తరగతి చదివినాడు. ఇంటి బాడుగ, ఇద్దరిదీ షిఫ్టు పని, పిల్లోణ్ణి చూసుకునే దిక్కు లేక దసరాకు అవ్వ దగ్గర వదిలిపెట్టి పోయినారు. ఏడేళ్ళకు మూడు లిపులు. మేష్ట్రు లెక్క ప్రకారం వాడు బడిలో నోరు తెరిచి మూడు నెలలైంది. చెవుడేమో అని డాక్టరుకు కూడా చూపించినారట. చెవుడు కాదు. ఇంట్లో అవ్వతో బాగానే గలగలమంటాడు.

ఈ బడిలో ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో కలిసి కూర్చుంటారు. పుస్తకం బదులు కార్డులు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. గోడకు ఒక నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఏ కార్డు తర్వాత ఏ కార్డో దాన్ని చూసి పిల్లలే తీసుకుంటారు. గోడల అడుగున పిల్లల ఎత్తుకు సరిపోయేట్టు నల్లబోర్డు, పైన దారాలు కట్టి వాళ్ళు వేసిన బొమ్మలు వేలాడదీస్తారు. అక్షరాలు కూడా అ ఆ ఇ ఈ వరసలో రావు. మొదట ర, గ, స, ద, అ. ఈ అయిదూ వస్తే చిన్న చిన్న మాటలు అప్పుడే రాయొచ్చు. దీనికి "నలి కలి" అని పేరు, అంటే సంతోషంగా నేర్చుకో అని.

ఆ అయిదు అక్షరాలు చూసి నాకు ఒకటి తోచింది. కన్నడ ర, గ, ద, అ మన వాటికి తోబుట్టువులే. తలకట్టు మనం టిక్కు కొట్టినట్టు పెడతాం, వాళ్ళు సాపుగా పెడతారు. త, క లాంటి కొన్నిటిలోనే తేడా కనిపిస్తుంది. తెలుగు చదవగలిగిన అవ్వ ఇంట్లో ఉంటే కన్నడ కార్డు చాలావరకు చదివేస్తుంది. కానీ అవ్వను బడికి పిలిచేదెవరు?

జర్మనీ అమ్మాయిల్లో ఒకతె టీచరు చదువు చదువుతా ఉంది. మాట తక్కువ మనిషి. ఆరో రోజు సాయంత్రం, ఆ తిరుప్పూరు పిల్లోడి అవ్వ ఇంటి వాకిట్లో అనపగింజలు ఒలుస్తా కూర్చున్నాం. జనవరిలో ఈ సీమంతా అనపకాయ వాసనే. గింజలు నానబెట్టి, వేలి మధ్య పెట్టి పిండితే తోలు ఊడి పప్పు ఎగిరి పడుతుంది. అదే పితికిపప్పు. ముద్దలోకి ఆ పులుసు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ఆ అమ్మాయి పితికిన ప్రతి గింజా వాకిలి దాటి పోతా ఉంటే పిల్లోడు కిలకిలా నవ్వుతా ఏరి తెస్తా ఉన్నాడు.

ఆమె ఊరికే కూర్చోలేక కనబడినదాన్నల్లా చూపించి, దీన్ని ఇంట్లో ఏమంటారు, బడిలో ఏమంటారు అని అడగడం మొదలుపెట్టింది. పిల్లోడు ఇంటి మాట చెప్తాడు, మా పక్కనున్న నాలుగో తరగతి పాప బడి మాట చెప్తుంది. పాలు, హాలు. పువ్వు, హూవు. పాము, హావు. పండు, హణ్ణు. పులి, హులి. ఆమె తన నోటుబుక్కులో బొమ్మ వేసి, నేను పలికింది ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటా పోయింది. ఉన్నట్టుండి తలెత్తి, "అక్కా, ప తీసేసి హ పెడితే బడి భాష అయిపోతుందా?" అనింది.

పిల్లోడికి అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పినాను. వాడు క్షణం ఆలోచించి, పొయ్యి దగ్గరున్న పిల్లిని చూపించి గట్టిగా "హిల్లి!" అన్నాడు.

పాప పడీ పడీ నవ్వింది. "హిల్లి కాదురా, బెక్కు!" వాడూ నవ్వినాడు. పప్పు చూపించి "హప్పు" అన్నాడు. అదీ కాదు, కన్నడంలో బేళె. పల్లెను "హళ్ళి" అన్నాడు. అవును! అట్లా చీకటి పడేదాకా ఆడినారు. తప్పయితే ఎక్కువ నవ్వు, ఒప్పయితే తక్కువ నవ్వు.

మర్నాడు బడిలో ఆ అమ్మాయి ఈ ఆట ఆడించింది. అంటే, ఆమె పక్కన కూర్చుంది, ఆడించింది నాలుగో తరగతి పాప. తిరుప్పూరోడు లేచి నిలబడి "హులి" అన్నాడు. పెద్ద మేష్ట్రు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన చెప్పారు: పాత కన్నడంలో మాదీ పులే, మాదీ పాలే. తర్వాత తర్వాత ప పోయి హ వచ్చింది. మనం ఒకే ఇంటివాళ్ళం, మధ్యలో గోడ లేచింది అంతే.

ఆదివారం నలుగుర్నీ మదనపల్లె తీసుకుపోయినాం. అనీ బిసెంటు 1915లో పెట్టిన కాలేజీ అక్కడ ఉంది. ఐర్లండు నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్ అనే కవి దానికి ప్రిన్సిపాలుగా ఉన్నప్పుడు, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు వచ్చి కొన్నాళ్ళు ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ పాటకు స్వరం రాసిపెట్టింది కజిన్స్ భార్య మార్గరెట్. పరదేశంవాళ్ళు ఈ సీమ బడికి రావడం ఈ రోజుది కాదని వాళ్ళకు చెప్పడానికే తీసుకుపోయినాం. అయితే కజిన్సు పన్నెండు రోజులకు రాలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో సంగతి. మదనపల్లెకు అవతల రిషివ్యాలీ ఉంది, జిడ్డు కృష్ణమూర్తిగారి పేరుతో ముడిపడిన బడి. చుట్టుపక్కల తెలుగు పల్లెల పిల్లల కోసం వాళ్ళు చిన్న చిన్న బడులు పెట్టినారు. ఒకే గది, అన్ని తరగతులూ కలిసి, చెప్పేది ఆ పల్లె యువకులే. పద్మనాభరావు, రమ అనే దంపతులు అక్కడ ఈ నిచ్చెన, ఈ కార్డుల పద్ధతి తయారు చేసినారు. బడి మొత్తం ఒక పెట్టెలో పట్టేట్టు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా నుంచి కొందరు సర్కారు బడి టీచర్లు అక్కడికి వచ్చి, ఆ బడుల్లో కూర్చుని చూసినారు. వెనక్కి పోయి, యునిసెఫ్ సాయంతో, తమ పిల్లలకు తగ్గట్టు కన్నడంలో కార్డులు తామే రాసుకున్నారు. అదే నలి కలి. 2009-10 నుంచి రాష్ట్రమంతా సర్కారు కన్నడ బడుల్లో చిన్న తరగతులకు అదే వచ్చింది.

అంటే రాయల్పాడు పక్క పల్లెలో మన తెలుగు పిల్లోడి చేతిలో ఉన్న కన్నడ కార్డు, గీతకు అవతల తెలుగు పల్లెల్లో పుట్టి, మైసూరు దాకా పోయి, చుట్టు తిరిగి వచ్చింది. ఆ టీచర్లు చేసింది కూడా చిన్న ప్రయాణమే. వాళ్ళు ఎవరికీ సాయం చేయడానికి రాలేదు, చూసి నేర్చుకుపోవడానికి వచ్చినారు. జర్మనీలో రేగెన్స్‌బుర్గ్, వ్యూర్ట్స్‌బుర్గ్ విశ్వవిద్యాలయాలవాళ్ళు కూడా ఈ కార్డుల పద్ధతిని నేర్చుకోవడానికి రిషివ్యాలీతో కలిసి పనిచేస్తున్నారు. ఈ మాట చెప్తే మా జర్మనీ అమ్మాయి మొహం చూడాలి. మీ ఊరి టీచర్లు మా దగ్గర నేర్చుకుంటారమ్మా అని పెద్ద మేష్ట్రు మీసం దువ్వినారు.

ఆ మేష్ట్రు ఇంకో మాట కూడా అన్నారు, నవ్వకుండా. "వచ్చేవాళ్ళు మంచోళ్ళే. కానీ చిన్న పిల్లల్ని ఎత్తుకుంటారు, తిప్పుతారు, ముద్దులాడతారు, పన్నెండో రోజు పోతారు. వారం దాకా ఒకటో తరగతి పిల్లలు గేటు దగ్గరే చూస్తా ఉంటారు. ఆ వారం పాఠం నాకు నడవదు." ఇది పల్లె బడి, సాయంత్రమైతే ఇంటికి పోతారు, అమ్మ ఒళ్ళో పడతారు. నేపాల్, కంబోడియా లాంటి చోట్ల అమ్మానాన్నా ఉన్న పిల్లల్నే అనాథాశ్రమాల్లో పెట్టి, విదేశీ యాత్రికులకు చూపించి డబ్బు చేసుకున్నవాళ్ళున్నారు. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చేటప్పుడు అక్కడి పార్లమెంటులో దీని మీద కూడా విచారణ జరిగింది. సాయం అనే మాట వినగానే తలుపు బార్లా తెరవకూడదు, ఎవరు, ఎందుకు, ఎన్నాళ్ళు అని అడగాలి. మేష్ట్రు ఇప్పుడు అడుగుతున్నారు. గోడకు రంగులు వద్దని సంస్థవాళ్ళకు రాసిచ్చినారు కూడా.

పన్నెండో రోజు పిల్లలు ఏడ్చినారు, వచ్చినవాళ్ళు ఏడ్చినారు. హాలెండు అబ్బాయి మిగిలిన వాషర్లు ఒక డబ్బాలో పెట్టి మేష్ట్రుకు ఇచ్చినాడు. జర్మనీ అమ్మాయి నోటుబుక్కులో ఆ బొమ్మల పుటలు చించి ఇచ్చింది, ముప్పై ఒక్క మాటలు.

జూన్‌లో బడి తెరిచినాక నేను ఒక్కదాన్నే పోయినాను. జిరాఫీ మెడ దగ్గర అప్పుడే సున్నం పొరలు లేస్తా ఉన్నాయి. కొళాయి కారడం లేదు. మేష్ట్రు ఆ ముప్పై ఒక్క బొమ్మలనూ అట్టకు అంటించి కార్డులు చేసినారు. ఒక పక్క కన్నడం, ఇంకో పక్క తెలుగు. తెలుగు రాసింది పిల్లోడి అవ్వ. వణుకు రాతే గానీ గుండ్రంగా ఉంది. కన్నడం తప్ప వేరే అక్షరం బడిలో కనిపిస్తే పైవాళ్ళు ఏమంటారో అని కొన్నాళ్ళు బీరువాలో దాచినారట. తనిఖీకి వచ్చిన ఆయన చూసి, తానూ ఈ తాలూకావాడే కాబట్టి, "హిల్లి" కార్డు ఏదీ అని అడిగినాడట.

పిల్లోడు లేడు. ఉగాదికి వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయినాడు. తిరుప్పూరులో కంపెనీవాళ్ళు గది ఇచ్చినారని, ఇక అక్కడే చదివిస్తామని. మళ్ళీ తమిళం. నిచ్చెన మీద వాడు ఏ మెట్టు దాకా వచ్చినాడో మేష్ట్రు ఒక కాగితం మీద కన్నడంలో రాసిచ్చినారు, అక్కడి టీచరుకు చూపించమని. చదివేవాళ్ళెవరో తెలియదు. వాడి బదులు ఇప్పుడు ఇంకో ఇద్దరు వచ్చినారు. వాళ్ళూ తిరుప్పూరు నుంచే, అక్కాతమ్ముళ్ళు.

అందుకని మేష్ట్రు కార్డులకు మూడో వరస కావాలంటున్నారు. పాలు తమిళంలో కూడా పాలే, పులి పులే, కాబట్టి ఆ పిల్లలకు ఆట సులువవుతుంది. నాకు తమిళం మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. మన పత్రిక తిరుప్పూరు, కోయంబత్తూరు మిల్లు లైన్లకు కూడా పోతుంది కదా. తమిళం చక్కగా, పెద్ద అక్షరాల్లో రాయగలిగిన ఆడపిల్లలు గానీ మగపిల్లలు గానీ ఉంటే పత్రిక చిరునామాకు ఒక ఉత్తరం వేయండి. ముప్పై ఒక్క మాటలూ నేను పంపిస్తాను. రాయల్పాడు దాకా వస్తామంటే శనివారం రండి, ఆ రోజు బడి పొద్దుటి పూటే. బెంగళూరులో మొదటి బస్సు ఎక్కితే అందుకోవచ్చు. వచ్చేటప్పుడు రంగు డబ్బాలు మాత్రం తేవద్దు.